వెనకగది బృందం వారి నిశ్శబ్దం

సంగీతప్రియులకు తెలియజేయడమేమనగా, మన నగరం గర్వించదగిన 'వెనకగది' వాద్యబృందం చరిత్రను రాసే బాధ్యత ఈ రచయితకు అప్పగించబడింది. నిశ్శబ్ద రసికుల సంఘం కార్యవర్గం ఇందుకు తగిన మనిషి కోసం చాలాకాలం వెతికింది. సంగీతం తెలిసినవాళ్ళు దొరక్క కాదు. దొరికిన ప్రతివాడికీ ఏదో ఒక అభిప్రాయం ఉండడం అడ్డొచ్చింది. నేను అంతకుముందు మురుగు కాలువల చరిత్ర రాసి ఉన్నాను. కాలువల పట్ల నాకు రాగద్వేషాలు లేవని అప్పట్లో పత్రికలు మెచ్చుకున్నాయి. సంగీతం విషయంలోనూ అంతే నిష్పక్షపాతంగా ఉండగలనని నమ్మి నన్ను నియమించారు. ఆ నమ్మకాన్ని వమ్ము చేయలేదని చివరికి మీరే ఒప్పుకుంటారు.

ముందుగా ఈ బృందం వాయించేది ఏ రకం సంగీతమో చెప్పాలి. దాన్ని ప్రోగ్రెసివ్ రాక్ అంటారు. మామూలు రాక్ సంగీతంలో ఒకడు పాడతాడు, మిగతావాళ్ళు వాయిస్తారు, అందరూ ఎగురుతారు, భోజనాల వేళకు అయిపోతుంది. ప్రోగ్రెసివ్ రాక్‌లో ఎవరూ ఎగరరు, కూర్చుని లెక్కపెట్టుకుంటారు. తాళం ఒకచోట ఏడు ఉంటుంది, కాసేపటికి పదకొండవుతుంది. ఎందుకయిందని అడిగితే వాయించేవాళ్ళు మనవంక జాలిగా చూస్తారు. ఈ బృందం సంగీతంలో పాట లేదు, మాట లేదు, వాద్యాలు మాత్రమే ఉన్నాయి. పైగా దానిమీద ఛాంబర్ సంగీతం ప్రభావం ఉంది. ఛాంబర్ సంగీతమంటే పూర్వం గొప్పవాళ్ళ ఇళ్ళలో ఓ గదిలో నలుగురు చేరి, ఎదురుగా నిలబడి చేతులూపే పెద్దమనిషి ఎవరూ లేకుండా, ఒకరి ఊపిరి ఒకరు గమనించుకుంటూ వాయించుకునేది. అందరూ ఒక్కసారి ఊపిరి తీస్తారు, ఒక్కసారి మొదలుపెడతారు. కాబట్టి ఇందులో గది ముఖ్యం. మన బృందానికి గది ఉంది. అది పళ్ళ డాక్టరుగారి ఆసుపత్రి వెనక ఉంది.

పళ్ళ డాక్టరుగారు చెల్లో వాయిస్తారు. అది మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని వాయించే పెద్ద వయొలిన్. పగలంతా రోగుల మీదికి వంగి వంగి ఆయన నడుముకు ఆ వాలు అలవాటైంది కనుక వాద్యం ఎంపికలో పెద్దగా ఆలోచించవలసిన పని లేకపోయింది. ఆయన అక్క వయొలిన్ వాయిస్తుంది. ఆమె మేడమీద మిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. వీధిలో సగంమంది నడుము కొలతలు ఆమెకు కంఠతా వచ్చు, ఒకరివి ఇంకొకరికి చెప్పదు. డాక్టరుగారి బావమరిదిది ఎలక్ట్రిక్ గిటారు. ఉద్యోగం దొరికేదాకా ఉందామని బావగారింటికి వచ్చాడు. ఆ ఉద్యోగం ఇంకా దొరకలేదు. నాలుగోవాడు డ్రమ్ములు వాయించే బీమా ఏజెంటు. పన్ను పీకించుకోవడానికి వచ్చి, వెనక గదిలోంచి చప్పుడు విని, తలుపు తోసి చూసి, అక్కడే ఉండిపోయాడు. తనను చూడగానే జనం పక్క సందులోకి తప్పుకునే వృత్తి ఆయనది. లేచి పోకుండా కూర్చుని తన మోత వినే ముగ్గురు మనుషులు దొరికేసరికి ఆయన కళ్ళు చెమర్చాయి.

ఈ బృందం పాటను ఎందుకు త్యజించింది అన్న విషయం మీద మూడు సిద్ధాంత గ్రంథాలు వచ్చాయి. మాటల పట్ల అవిశ్వాసమని ఒకరు, భాషకు అతీతమైన తపన అని మరొకరు రాశారు. అసలు జరిగింది చిన్న సంగతి. మొదట్లో బావమరిది పాడేవాడు. రెండోరోజు డాక్టరుగారు తీగల మీద లాగే కమాను పక్కన పెట్టి, "ఒరేయ్, నోరు ముయ్యి" అన్నారు. ఊరందరినీ నోరు తెరవమని బతిమాలుకుని బతికే మనిషి మూయమన్నది అతనొక్కణ్ణే. అప్పటినుంచి బృందం పూర్తిగా వాద్యాలకే పరిమితమయింది.

తాళం ఏడయిన కారణం కూడా ఇలాంటిదే. డాక్టరుగారి దగ్గర పళ్ళు తొలిచే పాత యంత్రం ఒకటుండేది. అది ఆరుసార్లు గుర్రుమని, ఏడోసారికి ఆయాసపడి ఆగేది. ఆ చప్పుడుకి అలవాటు పడ్డ చెవులకు మామూలు తాళం పట్టలేదు. డ్రమ్ములు మోగితే కుర్చీలో రోగి ఉలిక్కిపడుతున్నాడని వాటిమీద దుప్పటి కప్పించారు. ఆ మెత్తటి శబ్దాన్ని "రాక్ సంగీతానికి ఛాంబర్ సంస్కారం నేర్పిన మహత్తర ఆవిష్కరణ" అని తరవాత పాఠ్యపుస్తకాల్లో చేర్చారు. దుప్పటి మ్యూజియంలో ఉంది. ఆ దుప్పటి లేక బీమా ఏజెంటుకు ఆ చలికాలం జలుబు చేసింది. ఆ సంగతి పాఠ్యపుస్తకంలో లేదు.

ఇక వాళ్ళ ఏకైక మహానిర్మాణం గురించి. దానికి విమర్శకులు చాలా పేర్లు పెట్టారు, ఇంట్లో మాత్రం దాన్ని 'పెద్దది' అంటారు. అది ఎలా పుట్టిందో చెబుతాను. పన్ను పీకే ముందు డాక్టరుగారు రోగికి మత్తు సూది పొడుస్తారు. దవడ మొద్దుబారడానికి కొంచెంసేపు పడుతుంది. ఆ కొంచెంసేపూ ఆయన వెనక గదిలోకి వచ్చి చెల్లో పట్టుకుంటారు. అదే 'పెద్దది' మొదటి భాగం. ఏడూ పదకొండూ తాళాలతో, గిటారు ఒకవైపు లాగుతూ చెల్లో ఇంకోవైపు లాగుతూ, వింటున్నవాడికి ఎవరో తన గురించే వాదించుకుంటున్నారేమోనని అనుమానం వచ్చేట్టు ఉంటుంది. దవడ మొద్దుబారిందని నర్సు తలుపు తట్టగానే డాక్టరుగారు లేచి వెళతారు. మొదట్లో మిగతావాళ్ళు వాయిస్తూనే ఉండేవారు. ఒకనాడు డాక్టరుగారి చెయ్యి తనకు తెలియకుండానే తాళంలో పడిపోయి, పుచ్చిన పన్నుకు బదులు పక్కనున్న మంచి పన్నును సరిగ్గా ఏడో దెబ్బకు పీకేసింది. ఆనాటినుంచి ఆయన పట్టకారు పట్టుకున్నంతసేపూ వెనక గదిలో ఎవరూ చప్పుడు చేయకూడదని కట్టడి చేశారు. ముగ్గురూ వాద్యాలు ఎత్తిపట్టుకుని, ఊపిరి బిగబట్టి కూర్చునేవారు. తరవాత ప్రపంచాన్ని ఊపేసిన నిశ్శబ్దం అదే.

అక్కడితో అయిపోలేదు. పీకిన పన్నును డాక్టరుగారు పక్కనున్న స్టీలు ట్రేలో వేస్తారు. అది టింగుమంటుంది. ఆ టింగు వినబడగానే వెనక గదిలో అందరూ ఒక్కసారి ఊపిరి తీసుకునేవారు. అక్క కమాను కదిలించేది. అది ఆమె కట్టిన వరస. ఏడు లేదు, పదకొండు లేదు, కుట్టుమిషను పెడలు తొక్కుతున్నప్పుడు కాలికి తెలిసే నడక ఒక్కటే ఉంటుంది అందులో. కుర్చీలో నోట్లో దూదితో పడి ఉన్న మనిషికి గోడ అవతలనుంచి అది వినిపించేది. నొప్పి అయిపోయింది, ఇంక లేవొచ్చు అని దాని అర్థం. ఎవరూ ఆ అర్థం చెప్పలేదు. అయినా రోగులు ఆ వరస వినగానే కుర్చీ చేతులు పట్టుకున్న పట్టు వదిలేవారు. చాలామంది ఏడ్చేవారు. మత్తు దిగుతున్నప్పుడు కళ్ళవెంట నీళ్ళు రావడం సహజమని నర్సు వాళ్ళకు సర్దిచెప్పేది.

మొదటి బహిరంగ ప్రదర్శన ఒక ఉద్యోగుల క్లబ్బు వార్షికోత్సవంలో జరిగింది. వేదిక మీద పన్ను పీకడానికి వీల్లేదు కనుక, నిశ్శబ్దం తరవాత డాక్టరుగారే తలాడించి సైగ చేయాలని మాట్లాడుకున్నారు. మొదటి భాగం అయింది. నలుగురూ ఆగారు. సభికులు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఇంతసేపు ఏం జరిగిందో తెలియకపోయినా అది ఆగిందన్నది మాత్రం అందరికీ స్పష్టంగా తెలిసింది. హాలు దద్దరిల్లేలా చప్పట్లు కొట్టారు. తెర లాగేవాడు తెర లాగేశాడు. తెరవెనక అక్క కమాను ఎత్తి పట్టుకుని అలాగే నిలబడి ఉంది.

"వదినా, టీ ఇస్తున్నారు, రండి" అన్నాడు బావమరిది.

"నాది ఇంకా మొదలవలేదుగా."

"టీ అయిపోతుందేమో వదినా."

రెండో ప్రదర్శనకు నీటి సరఫరా శాఖలో పెద్ద ఉద్యోగి ముఖ్య అతిథిగా వచ్చారు. ఎదురుగా మైకు ఉండి, హాల్లో ఎవరూ మాట్లాడకపోవడమన్నది ఆయన సర్వీసులో ఎన్నడూ ఎరగని పరిస్థితి. నిశ్శబ్దం మొదలైన మరుక్షణం లేచి వేదిక ఎక్కారు. "మాటలతో చెప్పలేని దాన్ని ఈ నలుగురు కళాకారులు మాటలు లేకుండా చెప్పారు. దాన్ని నేను మాటల్లో చెబుతాను" అని మొదలుపెట్టి, కొత్త పైపులైను వెయ్యడంలో ఎదురైన ఇబ్బందులను సవివరంగా తెలియజేశారు. సభ ఆయన ప్రసంగంతో ముగిసింది. అక్క వయొలిన్‌ను పెట్టెలో పడుకోబెట్టి, పసిపిల్లకు కప్పినట్టు గుడ్డ కప్పింది.

తరవాత గ్రామఫోన్ రికార్డు వచ్చింది. రికార్డుకు రెండు వైపులుంటాయి. 'పెద్దది' మొదటి భాగం, నిశ్శబ్దం కలిపి ఒకవైపు సరిపోయాయి. అక్క వరస రెండో వైపు వచ్చింది. రికార్డింగు గదికి ఆవిడ స్టీలు ట్రే తీసుకువెళ్ళింది. పన్ను బదులు తన కుట్టుపెట్టెలోంచి ఒక గుండీ తీసి అందులో వేసింది. టింగుమంది. నలుగురూ ఊపిరి తీశారు. అంత బాగా ఆ నలుగురూ మళ్ళీ ఎన్నడూ వాయించలేదని అప్పుడు అక్కడున్నవాళ్ళు చెబుతారు. అక్కడున్నది యంత్రం నడిపే కుర్రాడొక్కడే. వాడు మర్నాడు వేరే ఊళ్ళో పని దొరికి వెళ్ళిపోయాడు.

రికార్డును సమీక్షించినవారు మన నగరంలోకెల్లా తల పండిన సంగీత విమర్శకులు. సంగీతమంటే చెవి కోసుకునే మనిషి. ఆయన మొదటి వైపు విన్నారు. నిశ్శబ్దం మొదలైంది. సూది రికార్డు అంచుకు చేరి, తనంతట తాను లేచి, పక్కకు పోయి పడుకుంది. ఆయన గమనించలేదు. కళ్ళు మూసుకుని ఉన్నారు. ఆదివారం పత్రికలో ఇలా రాశారు: "అటువంటి నిశ్శబ్దాన్ని నా జీవితంలో వినలేదు. అది సాగింది. ఇంకా సాగింది. వీధిలో కూరల బండి అరుపు కూడా అందులో భాగమేనని నాకు తోచింది. భోజనానికి పిలిచేదాకా ఆ నిశ్శబ్దం మా గదిలో కొనసాగుతూనే ఉంది. ఈ బృందం సంగీతాన్ని సంగీతం నుంచి విముక్తం చేసింది."

ఆ వ్యాసం తరవాత నగరం నగరంగా మిగల్లేదు. అంతకుముందు ఆ సంగీతం వింటే తల నొప్పి వచ్చిన ప్రతివాడికీ, తాను మెచ్చుకోవలసింది తల నొప్పి తరవాత వచ్చే ఉపశమనాన్నేనని తెలిసి ప్రాణం లేచొచ్చింది. రికార్డులు దుకాణాల్లో నిలవలేదు. ఆ విమర్శకులవారే అధ్యక్షులుగా నిశ్శబ్ద రసికుల సంఘం ఏర్పడింది. సభ్యులు ప్రదర్శనకు మొదటి భాగం అయిపోయేవేళకు వచ్చేవారు. ముందే వచ్చి వాయిద్యాలు వినేవారిని కొత్తవాళ్ళ కింద లెక్కకట్టేవారు. చప్పట్లు నిషేధించారు. మెచ్చుకోదలచినవారు రెండు చేతులూ పైకెత్తి గాలిలో ఆడించాలి. దగ్గినవారిని మొదటిసారి మందలించి, రెండోసారి బహిష్కరించేవారు. అందుకని హాలు గుమ్మంలో తియ్యటి దగ్గు బిళ్ళలు పెట్టారు. రసికులు బుగ్గన బిళ్ళ పెట్టుకుని, అర్ధనిమీలిత నేత్రాలతో నిశ్శబ్దాన్ని చప్పరించేవారు. మా సంఘంలో దగ్గు అంతరించింది. పళ్ళు పుచ్చడం మొదలైంది. డాక్టరుగారి ఆసుపత్రి ముందు బెంచీలు చాలక ఇంకో రెండు వేయించారు. కళ కళాకారుణ్ణి పోషించదని వాపోయేవారు ఈ సంగతి గమనించాలి.

అక్క మాత్రం గుమ్మంలో ఎవరు కనబడినా ఒకే ప్రశ్న అడిగేది. కొలతలిచ్చి పోవడానికి వచ్చినవాళ్ళను, వాళ్ళ వెంట వచ్చినవాళ్ళను కూడా అడిగేది.

"రెండో వైపు విన్నారా?"

"అబ్బే, మొదటి వైపే ఇంకా వంటబట్టలేదండీ" అనేవారు పెద్దలు. "ఉందా?" అనేవారు పిన్నలు.

ఏళ్ళు గడిచాయి. జుట్లు నెరిశాయి. బావమరిదికి ఉద్యోగం వయసు దాటిపోయిందని అధికారికంగా తెలిసింది, ఆ రోజు నుంచి అతను హాయిగా ఉన్నాడు. అక్క ఎడమచేతి ఉంగరపు వేలు పొద్దున పూట వంగడం మానేసింది. సూదులు పట్టీ తీగలు నొక్కీ కీలు అరిగిందని, వచ్చే ఏడాదికి బిగిసిపోతుందని ఎముకల డాక్టరు చెప్పాడు. వేడినీళ్ళలో ముంచి తీస్తే కాసేపు వంగేది. ఆ కాసేపట్లో ఆమె కుట్టవలసినవి కుట్టేది, వాయించవలసింది వాయించేది. ఒకసారి, ఒకే ఒక్కసారి, హాల్లో కూర్చున్న జనం ఆ వరస వినాలని ఆమె కోరిక. అంతకు మించి ఆమె ఈ బృందం నుంచి ఏమీ కోరలేదు. ఈ చరిత్రలో ఇంత చిన్న కోరిక ఉన్న పాత్ర ఇంకొకటి లేదు. అందుచేత కార్యవర్గం ఆమెకు ఒక్క పేరా చాలని సూచించింది.

ప్రదర్శనల్లో నిశ్శబ్దం తరవాత తలాడించవలసిన మనిషి డాక్టరుగారు. ఆయన ఆడించడం మానేశారు. దాని గురించి అక్కా తమ్ముళ్ళకు వెనక గదిలో మాటామాటా వచ్చింది.

"తల ఊపితే నీ సొమ్మేం పోతుందిరా?"

"ఎలా ఊపనక్కా? అంతమంది అంత శ్రద్ధగా కూర్చుంటారు. చీమ చిటుక్కుమన్నా వినబడుతుంది. దాన్ని చెడగొట్టడానికి మనసొప్పడం లేదు."

"చెడగొట్టడమా? నేను వాయిస్తే చెడగొట్టడమా?"

"అది కాదక్కా..."

"నువ్వు పన్ను పీకి, అయిపోయిందని చెప్పకుండా ఆ మనిషిని కుర్చీలోనే వదిలేసి వెళతావా ఎప్పుడైనా? నొప్పి అయిపోయిందని చెప్పే పాట నాది. నొప్పి దాకా వినిపించి పంపేస్తున్నారు జనాన్ని."

బీమా ఏజెంటు డ్రమ్ములు తుడుస్తున్నట్టు నటించాడు. ఆ పూట సాధన జరగలేదు.

ఇంతలో బృందానికి పౌరసన్మానం చేయాలని నగరపాలక సంఘం తీర్మానించింది. కొత్తగా కట్టిన సభాభవనానికి వాళ్ళ పేరే పెట్టారు. గోడలకు మెత్తలు కుట్టించి, బయటి చప్పుడు లోపలికి, లోపలి చప్పుడు బయటికి పోకుండా నిర్మించిన ఆ భవనంలో మొట్టమొదటిసారిగా పూర్తి నిడివి నిశ్శబ్దాన్ని ప్రదర్శింపజేస్తామని ప్రకటించారు. ప్రకటన చూసి అక్క స్వయంగా మా రసికుల సంఘం అధ్యక్షులవారి ఇంటికి వెళ్ళింది.

"నిశ్శబ్దం అయిపోయాక నేను వాయించొచ్చాండీ?"

"అదేం మాటమ్మా" అన్నారు అధ్యక్షులవారు, నిండు మనసుతో. "నిశ్శబ్దం అయిపోయాక మీ ఇష్టం."

ఆమె సంతోషంగా ఇంటికి వెళ్ళి, తన కోసం కొత్త రవికె కుట్టుకుంది. ఊరందరికీ కుట్టిన మనిషి తనకు కొత్తది కుట్టుకుని చాలా ఏళ్ళయిందట.

సన్మానం మధ్యాహ్నం జరిగింది. నగరాధ్యక్షులు మాట్లాడుతూ, "ఇతర నగరాలకు నదులున్నాయి, కోటలున్నాయి. మనకు నిశ్శబ్దం ఉంది. ఇటువంటి నిశ్శబ్దాన్ని పౌరులంతా అలవరచుకుంటే పరిపాలన ఎంతో సులువవుతుంది" అని పిలుపునిచ్చారు. విద్యాశాఖవారు లేచి, ఇకపై పాఠశాలల్లో సంగీతం పీరియడులో నిశ్శబ్దమే నేర్పుతామని, ఇందుకు ఉపాధ్యాయుల అవసరం కూడా ఉండదని హర్షామోదాల మధ్య ప్రకటించారు. హర్షామోదాలంటే చేతులాడించడం. పూర్వపు నీటి సరఫరా శాఖ ఉద్యోగి, ఇప్పుడు వృద్ధులు, ఈ నిశ్శబ్దంలో మొట్టమొదట మాట్లాడింది తానేనని గద్గద స్వరంతో గుర్తుచేశారు.

తరవాత నలుగురూ వాయించారు. మొదటి భాగాన్ని సభ ఎప్పటిలాగే సహించింది. ఏడో దెబ్బకు ఆగారు. నిశ్శబ్దం మొదలైంది. దాన్ని వర్ణించే శక్తి నాకు లేదు. మొదటి వరసలో పెద్దలు బిళ్ళలు కూడా చప్పరించడం ఆపేశారు. అక్క వేలు అప్పటికి వంగుతోంది. వేదిక వెనక గదిలో బీమా ఏజెంటు ఫ్లాస్కులో వేడినీళ్ళు పోసి ఉంచాడు, ఆ వేడి ఇంకా ఆ వేలిలో ఉంది. ఆమె తమ్ముడివైపు చూసింది. డాక్టరుగారు నేలచూపులు చూస్తున్నారు. అప్పుడామె కుర్చీ కిందినుంచి స్టీలు ట్రే తీసింది. కొత్త రవికె నుంచి గుండీ ఒకటి తెంపింది. ట్రేలో వేసింది.

టింగుమంది.

ఏళ్ళ తరబడి అలవాటు. నలుగురి ఛాతీలూ ఒక్కసారి పొంగాయి. డాక్టరుగారిది కూడా. అక్క కమాను తీగను తాకింది.

"ష్" అంది సభ.

సభ మొత్తం ఒక్క గొంతుతో అంది. ఒకరి ఊపిరి ఒకరు గమనించుకుని, చేతులూపే పెద్దమనిషి అవసరం లేకుండా, ఒకేసారి మొదలుపెట్టి ఒకేసారి ఆపారు. ఛాంబర్ సంస్కారం శ్రోతల్లో ఇంత లోతుగా నాటుకున్న సందర్భం ప్రపంచ చరిత్రలో మరొకటి లేదని నా అభిప్రాయం. ష్ అన్నవారిలో ఈ చరిత్రకారుడు కూడా ఉన్నాడని సగర్వంగా మనవి చేస్తున్నాను.

అక్క ఆగలేదు. ఇంకో రెండు స్వరాలు వాయించింది. అప్పుడు డాక్టరుగారు చెల్లో పక్కన పెట్టి లేచారు. ముఖం ఎర్రబడింది. "అందరూ నోరు ముయ్యండి" అన్నారు. "మా అక్కను వాయించనివ్వండి" అని కూడా అన్నట్టు దగ్గరున్నవాళ్ళు చెబుతారు గాని, మొదటి మాటకే సభ పరవశించిపోయింది. నిశ్శబ్దానికి భంగం కలిగిందని మూలపురుషుడే ఆగ్రహించాడనుకుని వెయ్యి చేతులు ఒక్కసారిగా గాలిలో ఆడాయి. ఇదే అదనని కార్యకర్తలు సన్మాన జ్ఞాపికలు మోసుకొచ్చారు. ఒక్కొక్కటీ బరువైన గాజుపెట్టె. లోపల ఏమీ ఉండదు. అందులో నిశ్శబ్దం ఉందని పైన చెక్కారు. అక్క ముందు నిలబడి అది ఆమె చేతుల్లో పెట్టారు. రెండు చేతులా పట్టుకుంటే గాని ఆగని బరువు. వయొలిన్‌ను ఎవరో మర్యాదగా అందుకుని, ఎక్కడో మర్యాదగా పెట్టారు. ఆమె ఆ పెట్టె పట్టుకుని, గుండీ ఊడిన రవికెతో, సభకేసి చూస్తూ నిలబడింది. ఆ ఫొటో అన్ని పత్రికల్లో వచ్చింది. కింద 'ఆనందబాష్పాలు' అని వేశారు.

చరిత్ర ఇక్కడితో ముగించాలని కార్యవర్గం నిర్ణయం. కాని నేను కాలువల చరిత్ర రాసినవాణ్ణి. అది చివరికి ఎక్కడికి పోయి కలుస్తుందో చెప్పకుండా ఆపడం నాకు అలవాటు లేదు. అందుకని బీమా ఏజెంటును కలిశాను. ఆయన చెప్పింది వినడానికి నేనొక పాలసీ తీసుకోవలసి వచ్చింది.

మర్నాడు పొద్దున మా సంఘం అధ్యక్షులవారు దవడ పట్టుకుని ఆసుపత్రికి వచ్చారట. బుగ్గ పూరీలా పొంగి ఉంది. ఇన్నేళ్ళ బిళ్ళలు. డాక్టరుగారు మత్తు సూది పొడిచి, వెనక గదిలోకి వచ్చి చెల్లో పట్టుకున్నారు. మొదటి భాగం అయింది. నర్సు తలుపు తట్టింది. నిశ్శబ్దం. ఈసారి దాన్ని అధ్యక్షులవారు నోరు తెరుచుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, కుర్చీ చేతులు పట్టుకుని విన్నారు. పన్ను ట్రేలో పడింది. పొద్దున పూట వంగని వేలిని వంచి అక్క మొదలుపెట్టింది. నొప్పికి పెదవి కొరుక్కుంటూ వాయించిందట. బావమరిది గిటారు మీద చెయ్యి వేయడం కూడా మరిచిపోయి విన్నాడట. గోడ అవతల అధ్యక్షులవారి చేతులు కుర్చీ మీదినుంచి జారి ఒళ్ళో పడ్డాయి. కళ్ళవెంట నీళ్ళు దవడ దాకా కారాయి.

దూది తీసేశాక ఆయన తలుపు దగ్గరికి వచ్చారు. మాట ముద్దగా వస్తోంది.

"ఎవరిదమ్మా ఆ వరస?"

"నిన్న మీరు ష్ అన్నదేనండీ."

ఆయన లోపలికి తిరిగి, "డాక్టరుగారూ, ఈ పక్క పన్ను కూడా కొంచెం సలుపుతున్నట్టుంది. అదీ తీసేయకూడదూ?" అన్నారు.

డాక్టరుగారు చూశారు. అది గట్టి పన్ను.

"పన్నెందుకండీ పాడుచేసుకోవడం?" అంది అక్క. "మీ ఇంట్లో రికార్డుందిగా. రెండో వైపు వేసుకోండి."

"రెండో వైపుందా?" అన్నారు అధ్యక్షులవారు.

ఆ వరస ఆమె వాయించడం అదే ఆఖరు. ఉంగరపు వేలు ఆ తరవాత వంగలేదు. బట్టలు మాత్రం కుడుతోంది. సూది గుచ్చుకోకుండా తొడుక్కునే అంగుస్తాను ఇంకో వేలికి మార్చుకుంది. గుమ్మంలోకి వచ్చినవాళ్ళను ఇప్పుడు ఏమీ అడగడం లేదు. అది నాకు బాధగా ఉంది. నిష్పక్షపాతంగా రాయవలసిన చోట ఈ మాట రాసినందుకు కార్యవర్గం క్షమించాలి.

అధ్యక్షులవారు పదవికి రాజీనామా చేశారు. కారణం అడిగితే పళ్ళు బాగాలేవన్నారు. ఆయన స్థానంలో వచ్చినవారు రెండో వైపు విషయం పరిశీలించి, అది రికార్డుకు అడుగుభాగమే తప్ప సంగీతంలో భాగం కాదని తేల్చారు. వెనకగది బృందం ఇప్పుడు వాయించడం లేదు. అందువల్ల ప్రదర్శనలు ఇంకా నిరాటంకంగా జరుగుతున్నాయి. నాలుగు కుర్చీలు వేస్తారు. జనం వస్తారు. మొదటి భాగం కూడా లేకపోవడం వల్ల ఆలస్యంగా రావలసిన శ్రమ తప్పింది.

ఈ చరిత్ర పూర్తిచేసేముందు నా దగ్గరున్న రికార్డును బయటికి తీశాను. మొదటి వైపు అరిగి బూడిదరంగుకు వచ్చింది. తిప్పాను. రెండో వైపు కొన్ననాటి నలుపులో నిగనిగలాడుతోంది, ఒక్క గీరు లేదు. కిటికీ దగ్గర వెలుతురుకు పట్టుకుంటే అందులో నా ముఖం చక్కగా కనిపించింది. సరే, వేసి చూద్దామనుకున్నాను. ఇంతలో భోజనానికి పిలిచారు.

మీ ఇంట్లోనూ ఒకటి ఉండే ఉంటుంది. లేకపోతే ఇంతదూరం చదివి ఉండరు. తిప్పి చూడండి. మీ ముఖం కూడా బాగానే కనిపిస్తుంది.